దయ అంటే మెడను ఒరవని కాడి

మనం దయ చూపామనే అనుకుంటాం. కానీ దానిని పొందినవారి మనసు ఒక్కోసారి నొచ్చుకుంటుంది. అన్నం పెట్టిన చేయే ఆ సంగతిని పదిమందికీ చాటుతుంది. అప్పు తీర్చిన బంధువు ప్రతి పండుగకూ దానిని గుర్తుచేస్తాడు. ఇచ్చినదీ నిజమే, ఆదుకున్నదీ నిజమే. అయినా పుచ్చుకున్నవాని మెడమీద ఏదో బరువు మిగిలిపోతుంది. దీనిని దయ అనవచ్చునా? క్రొత్త నిబంధనలోని ఒక గ్రీకు పదం ఈ ప్రశ్నకు చక్కని సమాధానమిస్తుంది.

ఆ పదం 'ఖ్రేస్తోతేస్'. గలతీయులకు రాసిన పత్రికలో (5:22) అపొస్తలుడైన పౌలు ఆత్మ ఫలాన్ని వివరిస్తూ తొమ్మిది గుణాలను పేర్కొన్నాడు. వాటిలో అయిదవది ఇది. తెలుగు బైబిలు దీనిని 'దయాళుత్వము' అన్నది. ఉపయోగించడం అనే అర్థమున్న గ్రీకు క్రియతో ఈ పదానికి చుట్టరికముంది. దీని విశేషణ రూపమైన 'ఖ్రేస్తోస్'కు పనికివచ్చేది, మేలైనది, హితమైనది అని అర్థాలు. కనుక దయ అంటే హృదయంలో కదిలిన జాలి మాత్రమే కాదు. అది ఎదుటివారి అక్కరకు అందివచ్చే మేలు.

ఈ విశేషణం అత్యంత సుందరంగా వినిపించే చోటు మత్తయి సువార్త (11:30). ప్రయాసపడి భారం మోసేవారిని తన యొద్దకు పిలిచిన ప్రభువు, తన కాడి ఎటువంటిదో చెప్పిన సందర్భమది. అక్కడ గ్రీకులో ఉన్న మాట 'ఖ్రేస్తోస్', తెలుగులో 'సుళువు'. సేద్యం తెలిసినవారికి ఈ పోలికను విడమరచి చెప్పనక్కరలేదు. సరిగా అమరని కాడి ఎద్దు మెడను ఒరిసి పుండు చేస్తుంది. మెడకు తగినట్లు చెక్కిన కాడితో ఎద్దు బరువును లాగుతుంది గాని గాయపడదు. ప్రభువు కాడే లేదనలేదు, అది మెడను నొప్పించదన్నాడు. దయకు ఇంతకన్నా మంచి కొలత ఏముంటుంది?

ఈ దయ అర్హతను చూసి అడుగు వేయదు. లూకా సువార్త (6:35) దేవుడు కృతజ్ఞత లేనివారికీ, దుష్టులకూ మేలు చేస్తాడని చెబుతూ ఈ విశేషణాన్నే వాడింది. దానిని తెలుగు అనువాదకులు 'ఉపకారి' అన్నారు. మూలపదంలోని ప్రయోజనమనే భావం ఆ మాటలో చక్కగా నిలిచింది. అలాగని ఇది తప్పును చూసీ చూడనట్లు ఊరుకునే మెతకదనం కాదు. దేవుని దయ మనిషిని మారుమనస్సు వైపు నడిపిస్తుందని రోమా పత్రిక (2:4) బోధిస్తున్నది. తీయని మాటలూ దయ కావు. అమాయకులను మోసగించే 'ఇంపైన మాటల' గురించి అదే పత్రిక (16:18) హెచ్చరించినప్పుడు, అక్కడి గ్రీకు మాటా ఈ పదకుటుంబానిదే. దయకు నకిలీ కూడా ఉంటుందని దాని భావం.

మరి నిజమైన దయ ఎలా ఉంటుంది? ఫిలేమోను పత్రికను చదవండి. ఒనేసిము ఒక దాసుడు. ఆ పేరుకు 'ప్రయోజనకరమైనవాడు' అని అర్థం. మునుపు నిష్ప్రయోజకుడైన ఇతడు ఇప్పుడు నీకూ నాకూ ప్రయోజనకరుడని పౌలు యజమానికి రాస్తూ, 'ఖ్రేస్తోస్'తో కూడిన రెండు పదాలతో చమత్కరించాడు. అంతటితో ఆగలేదు. అతనిని ఇకపై దాసునిగా కాక ప్రియ సహోదరునిగా చేర్చుకోమన్నాడు. అతడేమైనా బాకీ ఉంటే తానే తీరుస్తానని స్వహస్తంతో రాసిచ్చాడు. మనిషి తనకెంత ఉపయోగపడతాడని లోకం లెక్కిస్తుంది. ఆ మనిషికి నేనెలా ఉపయోగపడగలనని దయ ఆలోచిస్తుంది.

ఆ కాలపు ఉచ్చారణలో 'ఖ్రేస్తోస్', క్రీస్తు అనే అర్థమిచ్చే 'ఖ్రిస్తోస్' దాదాపు ఒకేలా వినిపించేవి. అందువల్ల క్రైస్తవులను కొందరు 'ఖ్రేస్తియానులు' అని పిలిచేవారు. క్రీ.శ. 197 ప్రాంతంలో తెర్తుల్లియన్ అనే క్రైస్తవ రచయిత దీనిని ప్రస్తావిస్తూ, మీరు తప్పుగా పలికినా ఆ పేరుకు మాధుర్యం, దయ అనే అర్థమే వస్తుందని రోమా అధికారులకు గుర్తుచేశాడు. పొరపాటున పలికిన పేరు కూడా విశ్వాసికి తన కర్తవ్యాన్ని బోధించింది!

ఒకరియెడల ఒకరు దయ కలిగి ఉండాలని ఎఫెసీ పత్రిక (4:32) కోరుతున్నది. ఈసారి ఎవరికైనా సాయం చేసినప్పుడు, ఎంత ఇచ్చామని లెక్కించకండి. పుచ్చుకున్నవారు తలవంచుకుని వెళ్లారా, తలెత్తుకుని వెళ్లారా అని గమనించండి. మీ చేయి వారి బరువును తగ్గించి, మెడను ఒరవకుండా ఉంటే ఆత్మ ఫలం మీలో పండుతున్నట్లే.