బావి నీటిలో మందుల జాడ

పటాన్‌చెరు పరిసరాలలోని ఆరు గ్రామాల బావుల నుండి తోడిన నీరు ఉత్తర స్వీడన్‌లోని ఉమియో విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుల పరీక్షకు వచ్చింది. అన్ని బావులలోనూ మందులు ఉన్నాయి. జలుబుకూ దురదకూ వాడే సెట్రిజిన్, మనోవ్యాకులతకు ఇచ్చే సిటలోప్రామ్, సూక్ష్మజీవులను చంపే సిప్రోఫ్లాక్ససిన్! వైద్యుని గడప తొక్కని మనిషి కూడా ఆ నీటితో పాటు ఇన్ని మందులనూ పుచ్చుకుంటున్నాడన్నమాట.

2009లో ఈ ఫలితాలను ప్రకటించిన బృందానికి ముందు నిలిచినవాడు పర్యావరణ రసాయనవేత్త యెర్కర్ ఫిక్. ఆయన పరిశోధన నీటితో కాక గాలితో మొదలైంది. భవనాలలోకి గాలిని పంపే గొట్టాలలో ఓజోను, టెర్పీనులనే సుగంధ ద్రవ్యాలతో కలిసి ఏ కొత్త పదార్థాలను పుట్టిస్తుందన్నది 2003లో ఆయన సమర్పించిన సిద్ధాంత వ్యాసపు విషయం. వినగానే కుతూహలం రేపే అంశం కాదు. కాని కంటికి ఆనని పరిమాణాలను వెంటాడే ఓర్పు ఆయనకు అక్కడే అలవడి ఉంటుంది.

ఆ ఓర్పు ఎంత అవసరమో చెప్పాలి. మనం మింగిన మందులో కొంత భాగం మార్పు చెందకుండానే శరీరాన్ని వీడి మురుగునీటిలో కలుస్తుంది. పట్టణాల మురుగులో అది సాధారణంగా లీటరుకు ఒక మైక్రోగ్రాము, అంటే గ్రాములో పది లక్షలవ వంతు, అంతకన్నా తక్కువ. కనుక రసాయనవేత్త ఆ నీటిని మందును పీల్చుకునే పదార్థం నింపిన చిన్న గొట్టం గుండా పోనిచ్చి, చిక్కినదాన్ని కొద్దిపాటి ద్రావకంతో కడిగి తీసి, అణువుల బరువును బట్టి వాటిని గుర్తించే యంత్రానికి అందిస్తాడు.

పటాన్‌చెరులో ఈ లెక్కలన్నీ తలక్రిందులయ్యాయి. అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రానికి అప్పట్లో సుమారు 90 మందుల కర్మాగారాల వ్యర్థజలాలు వచ్చేవి. గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోకిమ్ లార్సన్, ఆయన సహచరులు ఆ కేంద్రం నుండి వెలువడే నీటిని (శుద్ధి అయిన తరువాతి నీటిని సుమా!) పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. సిప్రోఫ్లాక్ససిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. 500 మిల్లీగ్రాముల మాత్ర వేసుకున్న రోగి రక్తంలో సైతం అది లీటరుకు రెండున్నర మిల్లీగ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది.

ఆ కేంద్రపు నీరు చేరని రెండు చెరువులను కూడా ఫిక్ బృందం పరిశీలించింది. వాటిలోనూ సిప్రోఫ్లాక్ససిన్ లీటరుకు 6.5 మిల్లీగ్రాముల దాకా తేలింది. సరిగా శుద్ధి కాని వ్యర్థాలు వేరే దారులలో కూడా వచ్చి పడుతున్నాయని దీనితో స్పష్టమైంది.

ఇట్టి నీటిలో బలహీనమైన సూక్ష్మజీవులు నశించి, మందుకు లొంగనివే మిగిలి వృద్ధి చెందుతాయి. 2011లో వెలువడిన మరొక అధ్యయనం పటాన్‌చెరు వాగుల అడుగు మట్టిలో అట్టి మొండి జన్యువులు విస్తారంగా ఉన్నట్లు తెలిపింది. ఇది ఒక్క తాలూకాతో పోయేది కాదు. అక్కడి నక్కవాగు మంజీరలో, మంజీర గోదావరిలో కలుస్తాయి.

ఫిక్, లార్సన్ అంతటితో ఆగలేదు. తమ దేశంలో అమ్ముడయ్యే మందుల మూలపదార్థాలు ఎక్కడివో ఆరా తీశారు. పరిశీలించిన వాటిలో దాదాపు మూడో వంతు మందుల జాడ పటాన్‌చెరు కేంద్రానికి వ్యర్థాలు పంపే కర్మాగారాల దాకా వచ్చింది! పొరుగువారి తప్పును ఎత్తి చూపడం సులభం. తమ ఇంటి మందులపెట్టెను తెరిచి చూపడం అంత సులభం కాదు. ఈ రసాయనవేత్తపై నాకు గౌరవం కలిగింది ఇక్కడే.

అనంతరం ఆయన తమ దేశపు నదుల వైపు తిరిగాడు. ఆందోళనను తగ్గించే ఆక్సజిపామ్ కొద్దిగా కలిసిన నీటిలో పెర్చ్ చేపలు గుంపును విడిచి, జంకు మాని, ఆత్రంగా మేత మేస్తాయని 2013లో సహచరులతో కలిసి నిరూపించాడు.

మన దేశంలో మందుల కర్మాగారాల నుండి వెలువడే నీటిలో యాంటీబయాటిక్ అవశేషాలకు హద్దులు విధిస్తూ 2020 జనవరిలో ముసాయిదా నియమాలు వెలువడ్డాయి. 2021 ఆగస్టులో ప్రకటించిన తుది నియమాలలో ఆ హద్దులు లేవు.