ఎండ ఉంది, మనకే అందడం లేదు!

ఏడాదిలో సగం రోజులు ఎండని తిట్టుకునే మనకి డి విటమిన్ తక్కువంటే నవ్వొస్తుంది. కానీ ఆ ఎండ మన ఒంటిమీద పడి ఎన్నాళ్లయిందో చెప్పండి? మా అమ్మ తరంలో వడియాలు పెట్టడానికీ, మిరపకాయలు తిరగేయడానికీ, కాకుల్ని తోలడానికీ డాబా మీదికి నాలుగుసార్లు ఎక్కి దిగేవాళ్లు. ఇప్పుడు వడియాలు ప్యాకెట్లలో వస్తున్నాయి, డాబాకి తాళం ఉంటోంది. బండి మీద వెళ్లే అమ్మాయిలైతే కళ్లు తప్ప అన్నీ చున్నీలో చుట్టేస్తున్నారు.

పొద్దున్నే నీరెండలో కూర్చుని కాఫీ తాగుతున్నాంగా అంటారేమో. హాయిగానే ఉంటుంది, కాదనను. కానీ చర్మంలో ఈ విటమిన్ తయారవడానికి కావలసిన అతినీలలోహిత కిరణాలు సూర్యుడు పైకెక్కితేగానీ మనదాకా సరిగా రావు. తిరుపతిలో చేసి, 2013లో ప్రచురించిన పరిశోధనలో ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 లోపు బాగా తయారవుతుందని తేలింది. గడియారం చూడక్కర్లేదు, మన నీడ మనకంటే పొట్టిగా ఉంటే సరి. ఎండాకాలంలో 9 గంటలకే ఆ వేళ వచ్చేస్తుంది కాబట్టి వడదెబ్బ భయం లేకుండా పని కానిచ్చుకోవచ్చు. డిసెంబరులో 11 దగ్గర పడాలి. మోచేతుల దాకా చేతులు, ముఖం ఓ పావుగంట, ఇరవై నిమిషాలు, వారంలో మూడు నాలుగుసార్లు. ఛాయ తక్కువైతే ఇంకాస్త సేపు. మూసిన కిటికీ అద్దం వెనక కూర్చుంటే మాత్రం చెమటే దక్కుతుంది, ఆ కిరణాలు అద్దం దాటవు.

ఇక తిండి సంగతి. పెద్దవాళ్లకి రోజుకి 600 యూనిట్లు కావాలని 2020లో మన జాతీయ పోషకాహార సంస్థ చెప్పింది. గుడ్డు పచ్చసొనలో ఉండేది 40 యూనిట్ల చిల్లర. లెక్కేసుకోండి, పూటకి ఎన్ని గుడ్లు! ప్లస్ ఎఫ్ గుర్తున్న పాలు గ్లాసుకి 40 నుంచి 60 యూనిట్లు ఇస్తాయి. కవళ్లు, కానగంతల్లాంటి కొవ్వు చేపలు తినేవాళ్లు కాస్త అదృష్టవంతులు. శాకాహారులు పుట్టగొడుగుల్ని ముక్కలు కోసి, వండేముందు మధ్యాహ్నపు ఎండ చూపిస్తే కొంత లాభం.

అందుకే చాలామందికి చివరికి మందే గతి అవుతోంది. నాకు భయమల్లా ఇక్కడే. మా పక్కింటి పిన్నిగారికి పిక్కల నొప్పులకి పరీక్ష చేయించి, 60,000 యూనిట్ల పొడి వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు రాశారు. ఆవిడ "బలం మందే కదమ్మా" అని రోజుకొకటి పాలల్లో కలపబోతుంటే కోడలు పట్టుకుంది. బి విటమిన్లలా ఇది మూత్రంలో పోయేది కాదు, కొవ్వులో నిలవుంటుంది. ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, విపరీతమైన దాహం, కిడ్నీలకి దెబ్బ. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు, గర్భిణులు డాక్టరు మాట లేకుండా ముట్టుకోవద్దు. పసివాళ్లకి రోజూ వేసే 400 యూనిట్ల చుక్కలు కూడా చెంచాతో ఉజ్జాయింపుగా పోయకండి. ఆ సీసాతో వచ్చిన డ్రాపర్‌తోనే కొలవండి.