కరెంటు అక్కరలేని ఫౌంటెన్

పెద్ద హోటళ్ళలోనూ, కొందరి యిళ్ళలోనూ గదిలో చిన్న ఫౌంటెన్ ఉండటం మీరు చూచే ఉంటారు. రాళ్ళ మధ్యనుంచి నీళ్ళు ఎగసి, గలగలమంటూ తొట్టిలో పడుతుంటాయి. దాని అడుగున కరెంటు పంపు దాగి ఉంటుంది. కరెంటు పోతే ఫౌంటెన్ ఆగిపోతుంది.

పంపూ కరెంటూ లేకుండా నీళ్ళు ఎగరటం సాధ్యమా? సాధ్యమే! క్రీ. శ. 1వ శతాబ్దంలో, ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరంలో హీరో అనే మేధావి ఉండేవాడు. గాలితోనూ, నీటితోనూ, ఆవిరితోనూ పనిచేసే వింత పరికరాలను గురించి ఆయన గ్రంథం వ్రాశాడు. మనం చేయబోయే ఫౌంటెన్‌కు ఆయన పేరే వచ్చింది.

మూతలు గట్టిగా బిగిసే లీటరు ప్లాస్టిక్ సీసాలు 2, వెడల్పాటి ప్లాస్టిక్ గిన్నె 1, చేపల తొట్టికి వాడే సన్నని గొట్టం 3 మీటర్లు తెచ్చుకోండి. ఒక్కొక్క మూతకు రెండేసి రంధ్రాలు, గిన్నె అడుగున రెండు రంధ్రాలు కావాలి. కాల్చిన మేకుతో చేసే ఆ పని మాత్రం పెద్దలకు అప్పగించండి.

ఒక సీసా నిండా నీళ్ళు పోసి బల్లమీద పెట్టండి. ఖాళీ సీసాను నేలమీద ఉంచండి. గిన్నెను బల్లమీదనే ఇటుకల మీద నిలపండి. ఇక గొట్టాలు మూడు. మొదటిది గిన్నె అడుగునుంచి కింది సీసా అడుగుదాకా పోవాలి. రెండవది కింది సీసా మూతనుంచి పై సీసా మూతకు. ఇది గాలికి దారి, కనుక దాని కొనలు మూతల లోపలికి కొంచెం దిగితే చాలు. మూడవది పై సీసా అడుగునుంచి బయలుదేరి, గిన్నెలోకి వచ్చి, నీటికి పైన నిలబడాలి. దాని కొనకు ఖాళీ బాల్‌పెన్ను మొన తగిలించండి. రంధ్రాల చుట్టూ సందు లేకుండా జిగురు పెట్టి ఆరనివ్వండి.

ఇప్పుడు గిన్నెలో నీళ్ళు పోయండి. అవి కింది సీసాలోకి దిగి, అక్కడి గాలిని నొక్కుతాయి. ఆ గాలి పై సీసాలోకి పోయి, అక్కడి నీటిని నొక్కుతుంది. ఆ నీరు మూడవ గొట్టంగుండా పైకి చిమ్ముతుంది! రెండు సీసాల మధ్య ఎత్తు పెరిగినకొద్దీ ధార కూడా ఎత్తుగా లేస్తుంది.

నేను హెడ్మాస్టరుగా ఉండగా, ఒకసారి పాఠశాల వార్షికోత్సవంలో తల్లిదండ్రులందరి ఎదుటా దీనిని ప్రదర్శించాను. నీళ్ళు పోశాను. ఒక్క చుక్క కూడా ఎగరలేదు! అందరూ నవ్వారు. నాకు తలకొట్టేసినట్టయింది.

అప్పుడు వెనక వరసలోనుంచి ఒక ఏడవ తరగతి కుర్రవాడు లేచి, "పంక్చరు పడిందండీ, మాస్టారూ!" అన్నాడు. లెక్కలు రావని నేను తరచు మందలించే కుర్రవాడే. వాళ్ళ నాన్నకు సైకిలు షాపు ఉన్నది. వాడు సబ్బునురగ తెచ్చి మూతల చుట్టూ పూశాడు. కింది సీసా మూత దగ్గర నురగ బుడగలై పొంగింది. గాలి అక్కడినుంచే పోతున్నది! వాడు షాపుకు పరుగెత్తి సొల్యూషన్ తెచ్చి, తడి తుడిచి, సందు మూశాడు. అది ఆరిన తరవాత మళ్ళీ నీళ్ళు పోశాం. జానెడు ఎత్తున ధార లేచింది. చప్పట్లన్నీ వాడికే!

ఆ తరవాత ఎవరినైనా మందలించబోతే నాకు ఆ బుడగలు జ్ఞాపకం వచ్చేవి.

"ఇది ఎప్పటికీ ఆగదాండీ?" అని ఒక అమ్మాయి అడిగింది. కొంతసేపటికి అదే ఆగింది. పై సీసా ఖాళీ అయింది, కింది సీసా నిండింది. గ్లాసెడు నీళ్ళు పైకి చిమ్మాలంటే గ్లాసెడు నీళ్ళు కిందికి దిగాలి. చివరకు లెక్క చూస్తే, పై సీసాలోని నీరు కింది సీసాలోకి చేరింది, అంతే! శక్తి ఊరికే పుట్టదు.

మరొక మాట. నిలవ నీటిలో దోమలు గుడ్లు పెడతాయి. డెంగ్యూ దోమకు ఇంట్లోని మంచినీళ్ళే ఇష్టం. దాని గుడ్లు గిన్నె గోడలకు అంటుకొని ఉంటాయి. కనుక ఆట అయిపోగానే నీళ్ళు మొక్కలకు పోసి, గిన్నెను రుద్ది కడిగి బోర్లించండి.

మీ ఫౌంటెన్ మొదటిసారి పనిచేయకపోతే దిగులుపడకండి. సబ్బునురగ ఉన్నదిగా!