డేరా పక్కల ట్రైలర్: కొనేముందు వేసుకోవాల్సిన లెక్క

నరసరావుపేట, మాచర్ల, గురజాల వైపు నుంచి ఏటా ఎండాకాలం రాగానే ఎందరో అమ్మానాన్నలు అమెరికా విమానం ఎక్కుతారు. విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లకు మామూలుగా ఆరు నెలల గడువు ఇస్తారు. అందులో మనవళ్లకు బడి సెలవులుండేది జూన్, జులై నెలల్లోనే. ఆ కాస్త వ్యవధిలో ఎల్లోస్టోనో గ్రాండ్ కేన్యనో చూపించాలని కొడుకూ కోడలూ ఆరాటపడతారు. పిల్లలిద్దరితో కలిపి ఆరుగురంటే హోటల్లో రెండు గదులు కావాలి. పెద్దవాళ్లకు బయటి తిండి పడదు, దారిలో గంటకోసారి బాత్రూము వెతుక్కోవాలి. ఇవన్నీ తలచుకున్నప్పుడే ఇంట్లో ట్రైలర్ మాట వస్తుంది. చిన్న బండితో లాగొచ్చు, ఎనిమిది మంది పడుకోవచ్చు అని ప్రకటనలో కనిపించేసరికి చూపు హైబ్రిడ్ ట్రైలర్ మీదికి వెళుతుంది.

హైబ్రిడ్ ట్రైలర్‌కు గోడలూ పైకప్పూ గట్టివే. ముందు గోడలో, వెనక గోడలో, కొన్ని నమూనాల్లో పక్క గోడలో కూడా ఒక పలక తలుపులా కిందికి తెరుచుకుని మంచమవుతుంది. దాని మీద గుడ్డ డేరా లేస్తుంది. లోపల పొయ్యి, ఫ్రిజ్, చిన్న స్నానాలగది, భోజనాల బల్ల ఉంటాయి. మూసి ఉన్నప్పుడు 17 నుంచి 24 అడుగుల పెట్టె. తెరిస్తే ఒక్కో పక్కా మరో ఐదడుగులు బయటికొస్తుంది. అమెరికాలో ఇలాంటి బండ్ల తయారీకి ఇండియానా రాష్ట్రంలోని ఎల్‌ఖార్ట్ ప్రాంతం పుట్టిల్లు. ఫారెస్ట్ రివర్ కంపెనీ వాళ్ల రాక్‌వుడ్ రూ, ఫ్లాగ్‌స్టాఫ్ షామ్రాక్ ఈ రకంలో పేరున్నవి. జేకో వాళ్ల జే ఫెదర్‌లో వచ్చిన పాత నమూనాలు సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతాయి.

ఎక్కువమంది ముందు ట్రైలర్ ఎంచుకుని, అది మన కారు లాగుతుందా అని తర్వాత చూస్తారు. లెక్క కారు దగ్గర మొదలు కావాలి. మనవాళ్ల ఇళ్ల ముందు కనిపించే టొయోటా సియెన్నా, హోండా ఒడిస్సీ లాగగలిగేది 3,500 పౌండ్లు, అంటే 1,588 కిలోలు. హైబ్రిడ్ ట్రైలర్లలో చాలావాటి ఖాళీ బరువే 3,500 నుంచి 5,000 పౌండ్లు. కాబట్టి మినీవ్యాన్ ఉన్నవాళ్లు ఈ రకాన్ని వదులుకోవడమే మంచిది. నాలుగు చక్రాలూ లాగే హోండా పైలట్, కియా టెల్యురైడ్ 5,000 పౌండ్లు లాగుతాయి. అదే పైలట్‌లో రెండు చక్రాలు లాగే రకానికి మాత్రం 3,500 పౌండ్లే హద్దు. టొయోటా హైలాండర్ హైబ్రిడ్‌కూ అంతే. ఒకే పేరున్న కారులో ఇంత తేడా ఉందంటే, పక్కింటివాళ్ల కారు లాగింది గనక మనదీ లాగుతుందన్న ధీమా పనికిరాదు.

లాగే శక్తి ఒక లెక్క, కారు మోసే బరువు మరో లెక్క. చాలా కుటుంబాలు దెబ్బతినేది ఈ రెండోదాని దగ్గరే. డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద ఒక స్టిక్కరు కనిపిస్తుంది. మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించకూడదని పౌండ్లలోనూ కిలోల్లోనూ అక్కడ రాసి ఉంటుంది. మీ కారుకు అది 1,350 పౌండ్లు (612 కిలోలు) అనుకుందాం. మనిషికి 160 పౌండ్ల చొప్పున నలుగురు పెద్దవాళ్లు 640. పిల్లలిద్దరూ చెరో 70 వేసుకుంటే 140. మొత్తం 780 పోగా మిగిలింది 570 పౌండ్లు.

ఇప్పుడు ట్రైలర్ తగిలించండి. దాని బరువులో 10 నుంచి 15 శాతం కారు వెనక హుక్కు మీద పడాలి. సామానుతో 4,500 పౌండ్లు తూగే ట్రైలర్‌కు 12 శాతం అంటే 540. ఆ 540నీ కారే మోయాలి కాబట్టి 570లోంచి తీసేస్తే మిగిలేది 30 పౌండ్లు, అంటే 14 కిలోలు కూడా లేదు. ఐసు పెట్టె, మంచినీళ్లు, పిల్లల బ్యాగులు, అమ్మ సర్దిన పచ్చళ్ల డబ్బాలు ఇంకా ఎక్కనేలేదు. బరువును సమంగా పంచడానికి బిగించే హిచ్ సామగ్రే 80, 100 పౌండ్లు ఉంటుంది. 5,000 పౌండ్లు లాగే కారు కూడా ఆరుగురు కూర్చుంటే 4,500 పౌండ్ల ట్రైలర్‌కు చాలడం లేదు.

దీనికి నాకు తోచిన దారులు రెండు. సబర్బన్ లాంటి, 7,000 పౌండ్లకు పైన లాగే పెద్ద బండి ఒకటి. రెండో కారులో అమ్మానాన్నలను ఎక్కించుకుని వెళ్లడం మరొకటి. అప్పుడు లాగే కారుకు 320 పౌండ్లు తగ్గి, చేతిలో 350 మిగులుతాయి. ఖర్చు పెరిగినా నేను రెండోదానికే మొగ్గుతాను. పెద్దవాళ్లకు విసుగొస్తే ఆ కారు ముందే చేరుకుంటుంది, అవసరానికి ఆస్పత్రికీ అదే పరిగెడుతుంది.

హుక్కు మీద ఆ పది శాతం ఎందుకు పడాలో పల్నాడులో ట్రాక్టరు తోలినవాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. కోటప్పకొండ తిరునాళ్లకు రెండు చక్రాల ట్రక్కులో జనం ఎక్కేటప్పుడు అందరూ వెనక అంచునే కూర్చుంటే హుక్కు పైకి లేస్తుంది. డ్రైవరు కేకేసి ముందుకు జరగమంటాడు. హైవే మీద గంటకు 60 మైళ్ల వేగంలో ఇదే జరిగితే ట్రైలర్ తోక అటూ ఇటూ కొట్టుకుంటూ కారునూ తనతోపాటు ఊపేస్తుంది. అందుకే సైకిళ్లు, జెనరేటర్ వెనక వేలాడదీయకూడదు. బరువైన సామాను ఇరుసుకు కాస్త ముందువైపే సర్దాలి.

ట్రైలర్‌కూ తనదైన స్టిక్కరు ఉంటుంది. మొత్తం మీద ఇంతకు మించకూడదన్న బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే మనం వేసుకోగలిగే సామాను బరువు వస్తుంది. కేటలాగులోని ఖాళీ బరువును నమ్ముకోవద్దు. బ్యాటరీ, డీలరు తర్వాత బిగించిన ఏసీ అందులో చాలాసార్లు కలవవు. నీటి సంగతి ఇంకా పెద్దది. ఒక గ్యాలన్ (3.785 లీటర్లు) బరువు 8.34 పౌండ్లు. 40 గ్యాలన్ల ట్యాంకు నింపితే 334 పౌండ్లు, మూడు మిర్చి బస్తాలకు పైమాటే. దారిలో ట్యాంకు ఖాళీగా ఉంచి, చేరాక నింపుకోవడం మేలు. హైవే మీది ట్రక్కుల మజిలీల్లో క్యాట్ స్కేల్ అని కాటా ఉంటుంది. సామానంతా ఎక్కించాక అక్కడ ఒకసారి తూకం వేయిస్తే ఊహలు పోయి అసలు అంకె చేతికొస్తుంది.

కొండలెక్కేవాళ్లకు మరో కోత ఉంది. టర్బో లేని పెట్రోలు ఇంజను ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ దాదాపు 3 శాతం శక్తి కోల్పోతుంది. ఎల్లోస్టోన్ సరస్సు ఒడ్డు 7,700 అడుగుల పైన ఉంటుంది, అంటే నాలుగో వంతుకు కొంచెం తక్కువ పోయినట్టే. కారు లాగగలిగేదాంట్లో 80 శాతం దగ్గరే ఆగమని నేననేది ఇందుకే. 5,000 పౌండ్లు లాగే కారుకు సామానుతో కలిపి 4,000 పౌండ్ల ట్రైలర్ చాలు.

ఇక పక్కల సంగతి. డేరా పక్క మామూలుగా 60 అంగుళాల వెడల్పు, 74 అంగుళాలకు అటూ ఇటూ పొడవు. ఇద్దరికి బాగానే సరిపోతుంది. అయితే అది ట్రైలర్‌కు అడ్డంగా ఉంటుంది, ఎక్కే దారి ఒకవైపే. గుడ్డ వైపు పడుకున్నవాళ్లు రాత్రి లేవాలంటే ఇవతలివాళ్ల మీదుగా పాకి రావాలి. మంచం దాదాపు నడుమెత్తున ఉంటుంది, దిగడానికి చిన్న మెట్టు. మోకాళ్ల నొప్పులున్న అమ్మ, రాత్రి రెండుసార్లు లేచే నాన్న అక్కడ పడుకోలేరు. పిల్లలకు మాత్రం ఆ డేరా పండగే. పెద్దవాళ్లకు లోపల భోజనాల బల్లను దించి పరిచే పక్క మిగులుతుంది. దాని వెడల్పు చాలా నమూనాల్లో 40 అంగుళాలకు కొంచెం అటూ ఇటూ. ఇద్దరికి ఇరుకే. అందుకని పక్కకు జరిగే గదిలో సోఫా పక్క కూడా ఉన్న నమూనానే వెతకాలి. ఎనిమిది మందికన్న ప్రకటన అక్కడికి ఆరుగురికి తేలుతుంది, ఆ ఆరుగురూ హాయిగా పడుకుంటారు. పక్క ఎంత బరువు ఆపుతుందో దాని దగ్గరే లేబులు మీద రాసి ఉంటుంది, అదీ చదవాలి.

గుడ్డ గోడలు వేడినీ ఆపవు, చలినీ ఆపవు. మే నెలలో 45 డిగ్రీలు చూసే రెంటచింతల మనిషి టెక్సాస్ ఎండకు బెదరకపోవచ్చు. కానీ డేరాలో మధ్యాహ్నం కునుకు తీయడం వేరు. ట్రైలర్ పైన సాధారణంగా 13,500 బీటీయూల ఏసీ ఉంటుంది. మన లెక్కలో ఒక టన్ను 12,000 బీటీయూలు కాబట్టి అది ఒకటింబావు టన్ను కూడా కాదు. రెండు పక్కలూ తెరిచి ఉంటే ఆ చల్లదనం గుడ్డలోంచి పోతూనే ఉంటుంది. అది నడవడానికి దాదాపు 1,500 వాట్లు కావాలి. కరెంటు ఇచ్చే స్థలంలోనైతే 30 ఆంపియర్ల ప్లగ్గు 3,600 వాట్లిస్తుంది, చిక్కు లేదు.

ఎల్లోస్టోన్‌లో జులై రాత్రి కూడా పాదరసం సున్నా దగ్గరికి దిగొచ్చు. అక్కడ హీటరే ఆధారం, దాని లెక్క మాత్రం ఆశ్చర్యపరుస్తుంది. అమెరికా ట్రైలర్‌కు ఉండే 20 పౌండ్ల ప్రొపేన్ సిలిండరులో 9 కిలోల గ్యాసు, మన ఇంటి సిలిండరులో 14.2 కిలోలు. ఆ 9 కిలోల్లో దాదాపు 4,30,000 బీటీయూల వేడి ఉంది. గంటకు 20,000 బీటీయూలు తాగే హీటరు రాత్రి పది గంటల్లో ఐదు గంటలు మండితే ఒక సిలిండరు నాలుగు రాత్రులొస్తుంది. కానీ ఆ వేడిని ఊదే ఫ్యాను బ్యాటరీ మీద నడుస్తుంది. అది 7 ఆంపియర్లు లాగితే ఐదు గంటలకు 35 ఆంపియర్ అవర్లు. 80 ఆంపియర్ అవర్ల మామూలు బ్యాటరీలో పాడవకుండా వాడుకోగలిగేది సగమే, అంటే 40. గ్యాసు నాలుగు రాత్రులుంటే బ్యాటరీ ఒక్క రాత్రికే అయిపోతుంది. జెనరేటర్ అనుమతించే క్యాంపుల్లో కూడా అక్కడ దాన్ని ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకానే నడపనిస్తారు. రెండో బ్యాటరీ పెట్టించుకోవాలి, పగలు తప్పకుండా చార్జి చేసుకోవాలి.

ట్రైలర్‌కు కరెంటు, నీళ్లు, మురుగునీటి పైపు మూడూ ఇచ్చే స్థలం ఎల్లోస్టోన్ మొత్తంలో ఒక్కటే: ఫిషింగ్ బ్రిడ్జి. అక్కడ గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరుగుతాయి. గట్టి గోడల బండ్లకే చోటు, డేరాలకూ గుడ్డ గోడల ట్రైలర్లకూ లేదు. కాబట్టి హైబ్రిడ్ కొన్నవాళ్లు ఆ పార్కు లోపల కరెంటు లేని క్యాంపులకే వెళ్లాలి, లేదా పార్కు బయట ప్రైవేటు స్థలాలు చూసుకోవాలి. బుక్ చేసేటప్పుడు 'గట్టి గోడలు మాత్రమే' అన్న షరతు ఉందేమో ప్రతి క్యాంపు దగ్గరా చూసుకోండి. తిండి విషయంలోనూ నిక్కచ్చిగా ఉండాలి. నెయ్యి, గోంగూర పచ్చడి, తినగా మిగిలిన పులిహోర డేరా పక్క దగ్గర ఉంచకూడదు. కారులో పెట్టి తాళం వేయాలి, లేదా క్యాంపులో ఇచ్చే ఇనుప పెట్టెలో దాచాలి. పోపు వేసిన ఘాటు గుడ్డకు పట్టుకుంటే వదలదు, అందుకని వంట బయట బల్ల మీదే మేలు.

గుడ్డకు ఇంకో చాకిరీ ఉంది. వానలో తడిసిన డేరాను మడిచి ఇంటికి తెచ్చాక ఒకటి రెండు రోజుల్లో మళ్లీ తెరిచి పూర్తిగా ఆరబెట్టాలి. లేకపోతే బూజు పట్టి, నల్లమచ్చలు పడి, పిల్లలు పడుకోలేనంత వాసనేస్తుంది. ఇంటి ముందు ట్రైలర్ నిలపనివ్వని హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) కాలనీలో ఉండి, బండిని అద్దె గోడౌన్‌లో పెట్టేవాళ్లు దీన్నెక్కడ ఆరబెడతారో కొనకముందే తేల్చుకోవాలి. సెకండ్‌హ్యాండ్ బండిలో మంచం పలక చుట్టూ ఉండే రబ్బరు అంచే ముందు పాడవుతుంది. పలక తెరిచి దాని కింద నేలను, మూలలను అరచేత్తో గట్టిగా నొక్కండి. మెత్తగా దిగిందంటే లోపలికి నీళ్లు పోయినట్టే. ఎంత చవకగా ఇచ్చినా అది వద్దు.

ఇక డబ్బు. హోటల్లో రెండు గదులకు రాత్రికి 360 డాలర్లు, క్యాంపు స్థలానికి 60 అనుకుంటే మిగిలేది 300. వాడిన ట్రైలర్ 15,000 డాలర్లకు కొంటే ఆ సొమ్ము తిరిగి రావడానికి 50 రాత్రులు పడుతుంది. ఏడాదికి పది రాత్రులు తిరిగేవాళ్లకు ఐదేళ్లు. పెట్రోలు, ఇన్సూరెన్సు, గోడౌన్ అద్దె, ఐదారేళ్లకోసారి మార్చాల్సిన టైర్లు ఇందులో కలపలేదు. అమ్మానాన్నలు వచ్చే ఆ ఒక్క వేసవి కోసమే అయితే కొనొద్దు, వారం రోజులకు అద్దెకు తీసుకోండి. పిల్లలు చిన్నవాళ్లై, ఏటా తిరిగే అలవాటుంటే కొనడంలో అర్థముంది.

కొనేటప్పుడు బ్రేకుల చట్టం రాష్ట్రాన్ని బట్టి మారుతుందని గుర్తుంచుకోండి. కాలిఫోర్నియాలో 1,500 పౌండ్లు దాటిన ట్రైలర్‌కు బ్రేకులుండాలి, టెక్సాస్‌లో ఆ హద్దు 4,500. చట్టం ఏమన్నా ట్రైలర్ బ్రేకులను నడిపే బ్రేక్ కంట్రోలర్ కారులో బిగించుకోకుండా ఈ బరువు లాగొద్దు. ట్రైలర్ లాగే కార్లకు కాలిఫోర్నియాలో గంటకు 55 మైళ్లే గరిష్ఠ వేగం.

డీలరు దగ్గరికి వెళ్లిన రోజు రెండు పక్కలూ తెరిపించి చూడండి. అవతలి అంచున పడుకుని, చీకట్లో లేచినట్టు ఇవతలికి పాకి దిగండి. అమ్మానాన్నలు అప్పటికే వచ్చి ఉంటే వాళ్లనూ తీసుకెళ్లి లోపలి పక్క మీద పడుకోబెట్టి, స్నానాలగదిలోకి వెళ్లి రమ్మనండి. పెద్దవాళ్లు మొహమాటానికి బాగుందంటారు. మెట్టు దగ్గర వాళ్ల చెయ్యి దేన్ని పట్టుకుంటోందో చూడండి. పట్టుకోవడానికి ఏమీ లేకపోతే అక్కడ పిడి బిగించి ఇస్తారో లేదో ధర మాట్లాడకముందే అడగండి.