నోటు మెరిసింది సరే, ఒళ్లు మెరుస్తుందా?

మైత్రీవనం దగ్గర కోచింగ్ బోర్డుల కింద చిన్న జిరాక్సు షాపు. నేనిచ్చిన ఐదొందల నోటును షాపాయన నీలం లైటు కింద పెట్టగానే నంబరూ, కాగితంలోని సన్నటి పోగులూ వెలిగాయి. మా అన్నయ్య కొడుకు, తొమ్మిదో తరగతి, అటే చూస్తూ ‘‘మన ఒంట్ల గూడ ఇట్ల మెరిసేటివి ఉంటయా బాబాయ్?’’ అన్నాడు. వాళ్ల అమ్మమ్మకు రొమ్ములో గడ్డ. చంకలో బిళ్ళ తీసి పరీక్షకు పంపాలని పంజగుట్టలో డాక్టరు చెప్పి వారం కాలేదు. వాడి ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు.

ఉంటాయి. ముందు నోటు సంగతి చూద్దాం. ఆ లైటులో కంటికి కనిపించని అతినీలలోహిత కాంతి ఉంటుంది. నోటు మీది సిరా దాన్ని మింగి, కొంత శక్తిని వేడిగా పోగొట్టుకుని, మిగిలినదాన్ని కంటికి కనిపించే రంగుగా వదులుతుంది. సబ్బుపొడితో ఉతికిన తెల్లచొక్కా ఆ లైటు కింద నీలంగా వెలిగేదీ ఇందుకే. దీన్ని ప్రతిదీప్తి అంటారు. ఫ్లోరెసెన్స్ అనే పేరు 1852లో స్టోక్స్ పెట్టాడు.

మన ఒంట్లో ఆ సిరా పని చేసేవి పుట్టుకతోనే ఉన్నాయి. కణం తిండినుంచి శక్తి తీసేటప్పుడు ఎన్ఏడీహెచ్ అనే పదార్థం ఎలక్ట్రాన్లను మోస్తుంది. 340 నానోమీటర్ల కాంతి వేస్తే నీలంగా మెరుస్తుంది. బరువు దించేస్తే ఆ మెరుపు పోతుంది. దాని జోడీ ఎఫ్ఏడీ ఇందుకు తలకిందులు, బరువు లేనప్పుడే ఆకుపచ్చగా మెరుస్తుంది. ఈ రెండింటి పాళ్లు చూస్తే కణంలో పొయ్యి ఎలా మండుతోందో తెలుస్తుంది. నోటులో పోగుల్లాగే, కణాలను పట్టి ఉంచే కొల్లాజెన్ పోగులూ మెరుస్తాయి.

క్యాన్సర్ కణం పొయ్యి వేరు. ఆక్సిజన్ అందుతున్నా అది చక్కెరను సగంలోనే వదిలేసి లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుందని 1920లలో వార్‌బర్గ్ గమనించాడు. చుట్టూ ఉన్న కొల్లాజెన్ అల్లికనూ చెదరగొడుతుంది. అందుకే అక్కడి మెరుపు మారుతుంది.

మరి బిళ్ళలోనే ఎందుకు వెతకడం? కాలికి పుండు పడితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది కదా, అవే లింఫు గ్రంథులు. ఒంట్లో ఊరే నీటిని వడకట్టే జల్లెడలు. రొమ్ములోంచి తప్పించుకున్న క్యాన్సర్ కణం ముందుగా చిక్కేది ఎక్కువసార్లు చంకలోని మొదటి జల్లెడలోనే. అక్కడ లేదని తేలితే మిగతావి తియ్యక్కర్లేదు. అన్నీ తీసేస్తే నీరు దిగే దారి తెగి కొందరికి చెయ్యి వాచిపోతుంది, ఏళ్లతరబడి తగ్గదు. గాజు ఎక్కదు, జాకెట్టు చెయ్యి పట్టదు. ఆ బాధ తప్పించడానికే ఆపరేషన్ బల్ల మీదే సంగతి తేల్చుకోవాలన్న ఆరాటం. అప్పటికప్పుడు బిళ్ళను గడ్డకట్టించి, పలచగా కోసి, రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తారు. చూసేది కొద్ది పొరలే కనుక చిన్న మచ్చ తప్పిపోవచ్చు. బిళ్ళను కోసిన వైపంతా కాంతి వేసి, మెరుపు తేడాగా ఉన్నచోటే పొర తీస్తే? పరిశోధకులు పట్టుకున్న దారి ఇది.

అయితే మెరుపు మారిందల్లా క్యాన్సర్ కాదు. వాపూ, కొవ్వూ, రక్తమూ దాన్ని మారుస్తాయి. మన దగ్గర మెడలో బిళ్ళలకు టీబీ పెద్ద కారణం, అదీ తికమక పెట్టగలదు. అందుకే చివరి మాట మైక్రోస్కోపుదే.

‘‘మరి అమ్మమ్మ చంక మీద గీ లైటు కొడితె సాలదా? కోసుడెందుకు?’’

ఆ కాంతి చర్మంలోకి మిల్లీమీటరు కూడా దిగదు నాన్నా, బిళ్ళ ఎంతో లోపల ఉంటుంది, అన్నాను. వాడు షాపాయనను అడిగి తన చెయ్యి లైటు కింద పెట్టాడు. గోళ్లు మాత్రం లేత నీలంగా మెరిశాయి.