గాలి పీల్చు చేపలకు వడపోత కావలెనా?

పెరటి సిమెంటు తొట్టిలో కొర్రమీనులను పెంచువారును, పట్టణమునుండి ఫైటరు, గౌరామి మొదలగు రంగుచేపలను తెచ్చి పిల్లల ముచ్చటకొఱకు గాజుతొట్టిలో నుంచువారును నేడు రైతు కుటుంబములయందు పెక్కుమంది కలరు. వారివలన తఱచుగా వినవచ్చు ప్రశ్న యొకటి: "ఈ చేప నీటిపైకి వచ్చి గాలి పీల్చును గదా, దీనికి ఫిల్టరు ఎందులకు?" అంగడివాడు ఫిల్టరు లేనిదే చేప బ్రతుకదనును, పొరుగువాడు సీసాలోనైనను బ్రతుకుననును. ఇద్దఱి మాటలయందును సగము సత్యమున్నది. ఆ సగమేదో తెలియక కొందఱు అక్కఱలేని యంత్రమునకు సొమ్ము పెట్టుచున్నారు. మఱికొందఱు ఏమియు చేయక, అమ్మకమునకు సిద్ధమైన చేపలను ఒక్క రాత్రిలో పోగొట్టుకొనుచున్నారు. ప్రాణముతోనున్న కొర్రమీనునకు వచ్చు ధర చచ్చినదానికి రాదని మృగశిర కార్తెనాడు నిర్మల్ అంగడికి పోయినవారికి మేము చెప్పనక్కఱలేదు.

ముందుగా ఈ చేపల ఊపిరి సంగతి. లీటరు గాలియందు ఇంచుమించు 210 మిల్లీలీటర్ల ప్రాణవాయువు కలదు. 30 డిగ్రీల వేడిగల లీటరు నీటియందు అది నిండుగా కరిగినను 6 మిల్లీలీటర్లకు మించదు. నీరు వేడెక్కినకొలది ఇంకను తగ్గును. బొచ్చె, రోహు మొదలగు చేపలు ఈ కొంచెముతోనే మొప్పల మూలమున కాలము గడుపవలెను. నాచుపట్టి పచ్చబడిన చెరువులో రాత్రియంతయు ప్రాణవాయువు తఱిగి, తెల్లవారుజామున ఆ చేపలు నీటిపై నోళ్లు తెఱచి తేలుట మన చెరువులయందు అందఱును చూచినదే. అది వాటికి ఆపద చిహ్నము.

కొర్రమీను పైకి వచ్చుట అట్టిది కాదు. దాని తలలో, మొప్పలకు పైభాగమున, గాలి నిలుచుటకు రెండు గదులున్నవి. ఫైటరు, గౌరామి, చెట్టెక్కు చేప అను వానియందు ఆ గదిలో పలుచని యెముక రేకులు మడతమీద మడతగా చిక్కుదారివలె నుండును. వానిపై నెత్తురు నాళములు నిండిన సన్నని పొర కప్పియుండును. ఈ చిక్కుదారినిబట్టియే వానికి లాబిరింతు చేపలని పేరు వచ్చినది. కొర్రమీను గది ఇంతకంటె సాదాయైనది. అయినను ఇటీవలి శాస్త్రజ్ఞులు రెండు తెగలను ఒకే గణమున చేర్చియున్నారు. 1791లో తరంగంబాడియందుండిన డేనిషు సైనికోద్యోగి డాల్డార్ఫు అనునతడు తాటిచెట్టు బెరడు సందున చేప నొకదానిని చూచితినని 1797లో ప్రకటించెను. చెట్టెక్కు చేప అను పేరు అట్లు లోకమున వ్యాపించినది. అది నిజముగా చెట్టెక్కునా యన్న వాదము నటుంచి, తడినేలపై ఒక కుంటనుండి మఱియొక కుంటకు ప్రాకిపోవుట మాత్రము నిస్సంశయము.

ఈ విషయమున మన హైదరాబాదునకును పాలు కలదు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రాచార్యులైన బి. కె. దాసుగారు హిందూదేశపు గాలిపీల్చు చేపల జీవనమునుగూర్చియు, వాని గాలిగదులు పెరుగు విధమునుగూర్చియు వ్రాసిన పెద్ద వ్యాసము 1927లో లండను రాయల్ సొసైటీవారి పత్రికయందు వెలువడెను. అంతకు ముందే, పందొమ్మిదవ శతాబ్దమున, మద్రాసు సైన్యవైద్యుడైన ఫ్రాన్సిస్ డే అనునతడు ఈ చేపలను నీటిపైకి రానీయక అడ్డగించి పరీక్షించి, అట్లు చేసినచో అవి చచ్చునని తెలిపెను. నీటిలో పుట్టిన చేప నీటిలోనే ఊపిరాడక చచ్చుట వింతగా తోచును గాని, పెరిగిన కొర్రమీనునకు మొప్పలు మాత్రమే చాలవు.

కావున మొదటి ప్రశ్నకు జవాబు తేలికయే. పెరిగిన చేప ఊపిరికొఱకు బుడగల యంత్రము అక్కఱలేదు. ఎండిన చెరువు బురదలో దాగి, వానలు పడువఱకు ప్రాణము నిలుపుకొను కొర్రమీనునకు ఆ యంత్రమును కొని పెట్టుట సొమ్ము దండుగ. ఏటేట నాంపల్లి మైదానమున బత్తిని వంశీయులు చేపమందు పంచునపుడు వేలకొలది కొర్రమీను పిల్లలు చిన్న సంచులలో గుక్కెడు నీటితో చేతులు మాఱుచుండును. ఆ మందు సంగతి వైద్యులకు విడిచెదము గాని, పిల్లలు అంతసేపు బ్రతికియుండుటకు కారణము ఈ గాలిగదియే. 2016లో తెలంగాణ ప్రభుత్వము రాష్ట్రపు చేపగా గౌరవించినది దీనినే.

అయితే రెండు జాగ్రత్తలు కలవు. తొట్టిని అంచువఱకు నింపి మూత బిగింపరాదు. నీటికిని మూతకును నడుమ జానెడు ఖాళీ యుండవలెను. మూత బదులు వల కట్టుట మేలు, ఏలయన కొర్రమీను ఎగిరి బయట పడును. రెండవది పిల్లల సంగతి. గ్రుడ్డునుండి వెలువడిన పిల్లకు గాలిగది వెంటనే ఏర్పడదు. కొన్ని వారములు అది మొప్పలతోనే బ్రతుకవలెను. చెరువులో ఎఱ్ఱని గుంపుగా తిరుగు ఆ పిల్లలను తెచ్చి చిన్న పాత్రలో క్రిక్కిరియ నుంచి, "కొర్రమీను గదా, ఏమగును?" అనుకొన్నవారు నష్టపడుదురు. ఆ కొన్ని వారములు మాత్రము నీటికి గాలి నందింపవలసినదే.

ఇక అసలు సంగతికి వచ్చుచున్నాము. ఫిల్టరు ఊపిరికొఱకు ఏర్పడినది కాదు. చేప తినును, విసర్జించును. ఆ విసర్జనమంతయు తొట్టిలోనే నిలుచును. చేప తన మొప్పలనుండి అమ్మోనియాను విడుచుచుండును. తినక మిగిలిన మేత క్రుళ్లి మఱికొంత చేర్చును. గాలి పైనుండి పీల్చు చేప కూడ దేహమంతయు ఆ నీటియందే ముంచియుండును గదా. కొర్రమీను ఇతర చేపలకంటె అమ్మోనియాను ఎక్కువగా ఓర్చును, నిజమే. ఆ ఓర్పే మనలను మోసగించుచున్నది. రోహు అయినచో మొదటనే తేలి హెచ్చరించును. ఇది తుదివఱకు ఓర్చి ఒక్కసారిగా వాలిపోవును.

లెక్క చూడుడు. వేయి లీటర్ల తొట్టిలో అరకిలో బరువుగల చేపలు పది యున్నవనుకొందము. దినమునకు వంద గ్రాముల మేత వేయుదుము. ఆ మేతలో నూటికి 40 వంతులు మాంసకృత్తులున్నచో, దానినుండి ఇంచుమించు 3.7 గ్రాముల నత్రజని అమ్మోనియా రూపమున నీటిలో చేరును. అనగా లీటరునకు దినమునకు 3.7 మిల్లీగ్రాములు; మూడు దినములు నీరు మార్చనిచో 11 మిల్లీగ్రాములు. ఇందులో ఎంత విషమగునన్నది నీటి క్షారగుణముపై నాధారపడును. 30 డిగ్రీల వేడిలో పి.హెచ్. 7 అయినచో నూటికి ఒక వంతుకూడ విషరూపమున నుండదు. 8 అయినచో ఏడెనిమిది వంతులు. 9 అయినచో 45 వంతులు. పచ్చబడిన నీటిలో సాయంకాలమునకు పి.హెచ్. ఎక్కుట సహజము. ఉదయము బాగుగనున్న చేప ప్రొద్దుగ్రుంకువేళకు చచ్చుటకు ఇది యొక కారణము.

ఈ సందర్భమున సున్నము మాట చెప్పక తప్పదు. నీరు కంపు కొట్టగానే పిడికెడు సున్నము చల్లుట మనవారి అలవాటు. అమ్మోనియా సల్ఫేటు ఎరువులో సున్నము కలిపినచో ముక్కు బ్రద్దలగునట్టి ఘాటు లేచుట రైతు లెఱుగుదురు. తొట్టిలో జరుగునదియు అదియే. సున్నము క్షారగుణమును పెంచి, నెమ్మదిగా నున్న అమ్మోనియాను విషముగా మార్చును. చేపలు లేని ఖాళీ కుంటకు సున్నము మంచిది. చేపలున్న మురికి తొట్టికి ముందు వేయవలసినది మంచి నీరు.

మఱి అమ్మోనియా పోవు మార్గ మేది? పొలమున జరుగునదే ఇందును జరుగవలెను. మనము వేసిన ఎరువులోని అమ్మోనియాను నేలలోని సూక్ష్మజీవులు ముందు నైట్రైటుగను, పిదప నైట్రేటుగను మార్చును. పైరు ఎక్కువగా గ్రహించునది ఆ నైట్రేటునే. ఆ సూక్ష్మజీవులకు గులకఱాళ్లపై నివాస మేర్పఱచుటయే ఫిల్టరు. బురదను పట్టుట దానికి రెండవ పని మాత్రమే.

ఈ సూక్ష్మజీవులకు గాలిగది లేదు. గ్రాము అమ్మోనియా నత్రజనిని మార్చుటకు అవి నీటినుండి నాలుగున్నర గ్రాముల ప్రాణవాయువును వాడుకొనును. కావున ఫిల్టరు గల తొట్టిలో బుడగల యంత్రము చేపకొఱకు గాక గులకఱాళ్లకొఱకు నడుచుచున్నదని గ్రహింపవలెను. కరెంటు పోయినపుడు కొర్రమీను పైకి వచ్చి గాలి పీల్చి నిలుచును. గంటల తరబడి రానిచో చెడునది ఫిల్టరు. అట్టి దినమున మేత వేయక, కరెంటు వచ్చిన పిదప కొంత నీరు మార్చి మఱునాడు వేయుట మంచిది. నేడు కొందఱు అవలంబించుచున్న బయోఫ్లాక్ తొట్లలోను ఎడతెగక గాలి కొట్టుటకు ఇదే ముఖ్యకారణము.

ఫిల్టరు ఖరీదైనదై యుండనక్కఱలేదు. మన పెద్దలు త్రాగునీటికి వాడిన మూడు కుండల వడపోత వంటిదే చాలును. అడుగున రంధ్రములుగల పెద్ద కుండనో, డ్రమ్మునో గులకతో నింపి, పైన నైలాను గుడ్డ పఱచి, చిన్న మోటారుతో తొట్టి నీటిని దానిలోనికి ఎక్కించి మూరెడు ఎత్తునుండి తిరిగి పడునట్లు చేసినచో నీటికి గాలియు తగులును. సన్నని ఇసుక వలదు, పూడిపోవును. సూక్ష్మజీవులు కుదురుకొనుటకు నాలుగుమొదలు ఆఱు వారములు పట్టును. అంతవఱకు మేత సగము వేయవలెను. గులకను క్లోరిను కలిపిన కుళాయి నీటితో కడిగినచో వారముల శ్రమ ఒక్క పూటలో పోవును. తొట్టిలోని నీటినే బకెట్టులో తీసి దానిలో జాడింపవలెను. కుళాయి నీటిని తొట్టిలో పోయుటకు ముందు ఒక దినము వెడల్పు పాత్రలో నుంచవలెను. గాజుతొట్టిలోని ఫైటరునకు వడిగా పాఱు నీరు సరిపడదు. దాని పొడుగు రెక్కలు అలసిపోవును. దానికి మెల్లని స్పంజి ఫిల్టరు మేలు.

ఫిల్టరు లేకయే గడుపవచ్చునా? గడుపవచ్చును. చేపలు కొద్దిగా నుండి, మేత మితమై, తొట్టిలో మొక్కలు పెరుగుచు, నీరు క్రమముగా మార్చుచున్నచో చాలును. ఒక్క ఫైటరునకు పది పదునైదు లీటర్ల తొట్టియు, వారమున కొకటి రెండుసార్లు మూడవవంతు నీటి మార్పును సరిపోవును. పైన చెప్పిన పది కొర్రమీనుల తొట్టికి మాత్రము దినదినము సగము నీరు మార్చవలసి వచ్చును. వేసవిలో బావి అడుగంటు ఊళ్లలో అది కుదురునా యని ఎవరికివారు ఆలోచించుకొనవలెను. కుదురనిచో ఫిల్టరు పెట్టుటయో, చేపలను తగ్గించుటయో తప్పదు. కొర్రమీను సాధారణముకంటె మాటిమాటికి పైకి వచ్చుచున్నచో, మేత ముట్టనిచో, ఒడలిపై జిగురు హెచ్చినచో నీరు చెడినదని ఎఱిగి ఆ పూటనే సగము మార్చవలెను.

తీసివేసిన నీటిని మురికికాలువలో పోయవలదు. అందులోని నైట్రేటు వంగమడికిని, మిరపమడికిని మంచి ఎరువు.