మీ పాటకి మీ పెట్టె: సౌండ్ సిస్టమ్ సొంతంగా కట్టేద్దామా?

మట్టి కుండ మూతి మీద స్పీకర్ బిగించి పాటలు వినడం ఎప్పుడైనా చూశారా? ఒకప్పుడు మన పల్లెల్లో, టీ కొట్లలో ఇది మామూలు సంగతే. టేప్‌రికార్డర్ నుంచి రెండు వైర్లు లాగి, కుండలో స్పీకర్ పెడితే చాలు. అప్పటిదాకా గీపెట్టిన పాట కాస్తా గుండెల్లో మోగేది. ఇప్పుడు ఆ ఫొటో ఎవరైనా పంపితే నవ్వుకుంటాం. కానీ ఆ కుండ పెట్టినాయనకి ఫిజిక్స్ పేర్లు తెలీకపోవచ్చు, ఫిజిక్స్ మాత్రం బాగానే తెలుసు!

అదెలాగంటారా? స్పీకర్ కోన్ ముందుకి కదిలినప్పుడు ముందున్న గాలిని తోస్తుంది. అదే క్షణంలో వెనకున్న గాలిని లాగుతుంది. అంటే ముందూ వెనకా ఒకదానికొకటి ఎదురు శబ్దాలు. స్పీకర్‌ని ఊరికే బల్ల మీద పెడితే ఆ రెండూ కలిసిపోయి, బేస్ అక్కడికక్కడే మాయం. మధ్యలో ఒక గోడ కడితే? వెనక శబ్దం వెనకే ఉండిపోతుంది. కుండ చేసింది అదే. పైగా దాని గుండ్రటి గోడ గట్టిగా ఉంటుంది కాబట్టి, పల్చటి చెక్కలా గడగడలాడదు.

ఎందుకీ తంటా?

ఆన్‌లైన్‌లో ఆర్డర్ కొడితే రేపటికి బ్లూటూత్ స్పీకర్ ఇంటికొచ్చేస్తుంది కదా, మళ్లీ ఈ కష్టమెందుకు అంటారేమో. ఒక్కసారి మీ సొరుగు తెరిచి చూడండి. బ్యాటరీ పోయిన స్పీకర్ ఒకటైనా ఉంటుంది. లోపల స్పీకర్ బాగుంటుంది, యాంప్లిఫయర్ బాగుంటుంది. పోయింది ఒక్క సెల్. కానీ విప్పుదామంటే చాలా వాటికి స్క్రూ కూడా కనపడదు, అంతా జిగురే. మనం కట్టుకున్న పెట్టెలో అలా కాదు. బోర్డు పోతే బోర్డు, స్పీకర్ పోతే స్పీకర్. మిగతాది అలాగే మోగుతుంది. కొన్న వస్తువుకి మనం వాడకందారులం. కట్టిన వస్తువుకి ఓనర్లం.

ఈ పిచ్చి ఎంత దూరం తీసుకెళ్తుందో అమర్ బోస్ కథ చెబుతుంది. నాన్న బెంగాల్ నుంచి అమెరికా వెళ్లిన స్వాతంత్ర్య పోరాట యోధుడు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, పదమూడేళ్లకే అమర్ రేడియోలు రిపేర్ చేసి ఇంటికి ఆసరా అయ్యాడు. 1956లో ఎంఐటీలో పరిశోధన విద్యార్థిగా ఉండగా, కాగితం మీద లెక్కలు చూసి మంచి స్టీరియో ఒకటి కొన్నాడు. తీరా వింటే కచేరీలో విన్న సంగీతానికీ దానికీ పోలికే లేదు. ఎందుకలా అని తవ్వుకుంటూ వెళ్లి, 1964లో సొంత కంపెనీ పెట్టాడు. మనం కంపెనీ పెట్టక్కర్లేదు. ఒక పెట్టె కడితే చాలు.

వాట్స్ మాయలో పడొద్దు

మొదట మోసపోయేది ఇక్కడే. బోర్డు మీద ‘200 వాట్స్’ అని ఉంటుంది. దాన్ని 12 వోల్టుల, 2 ఆంపియర్ల అడాప్టర్‌కి తగిలిస్తాం. పన్నెండు రెళ్లు ఇరవై నాలుగు. అంటే అడాప్టర్ ఇవ్వగలిగిందే 24 వాట్లు. ఇక బోర్డు 200 ఎక్కణ్ణుంచి తెస్తుంది? బోర్డు గొప్పలు చెప్పొచ్చు, అడాప్టర్ మాత్రం నిజమే చెబుతుంది.

ఈమధ్య బాగా నడుస్తున్నవి క్లాస్-డి బోర్డులు. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల టీపీఏ3116 చిప్‌తో వచ్చేవి చాలామంది మొదటి ప్రాజెక్టుకి ఎంచుకుంటారు. పాత రకం యాంప్లిఫయర్లలా కరెంటును వేడిగా తగలేయవు కాబట్టి చిన్న హీట్‌సింక్ సరిపోతుంది. దీన్నుంచి ఎంత పవర్ వస్తుందో మీరే లెక్క కట్టొచ్చు. వోల్టుల్ని వోల్టులతో గుణించి, స్పీకర్ ఓమ్‌లకి రెట్టింపు అంకెతో భాగించండి. 12 వోల్టులు, 8 ఓమ్‌ల స్పీకర్ అయితే 144ని 16తో భాగిస్తే 9 వాట్లు. అదే 19 వోల్టులైతే 22 వాట్లకు పైనే. ఇది ఒక్కో చానెల్‌కి గరిష్ఠ లెక్క, చేతికొచ్చేది దీనికంటే కాస్త తక్కువే ఉంటుంది. పాత ల్యాప్‌టాప్ పోయినా 19 వోల్టుల చార్జర్ ఇంట్లో పడుందా? మీ ప్రాజెక్టుకి సగం సామాను దొరికినట్టే. ప్లస్ ఏదో, మైనస్ ఏదో మల్టీమీటర్‌తో చూశాకే తగిలించండి.

ఇంకో రహస్యం. సౌండ్ పెరగాలంటే యాంప్లిఫయరే మార్చక్కర్లేదు. స్పీకర్ వివరాల్లో ‘సెన్సిటివిటీ’ అని ఒక అంకె ఉంటుంది. 87 డెసిబెల్స్ స్పీకర్ బదులు 90 డెసిబెల్స్ ఉన్నది తీసుకుంటే, అదే బోర్డుతో పవర్ రెట్టింపు చేసినంత లాభం.

పెట్టెలోనే సగం పాట

ఇక చెక్కపని. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ గానీ, మంచి ప్లైవుడ్ గానీ తీసుకోండి. చెయ్యి తిరగకపోతే ముక్కలు కోయించుకుని, స్పీకర్ రంధ్రం కూడా కార్పెంటర్ చేతే కొట్టించుకోండి. తప్పేం లేదు. లోపలి కొలత 30, 30, 40 సెంటీమీటర్లు అయితే 36 లీటర్ల పెట్టె అవుతుంది. ఎన్ని లీటర్లు కావాలన్నది మీ స్పీకర్‌ని బట్టి ఉంటుంది. 1961లో ఆస్ట్రేలియా ఇంజినీర్ నెవిల్ థీల్, ఆ తర్వాత 1970ల్లో రిచర్డ్ స్మాల్ ఈ లెక్కని దారిలో పెట్టారు. మంచి స్పీకర్‌తో వచ్చే కాగితంలో కనిపించే ఎఫ్ఎస్, క్యూటీఎస్, వీఏఎస్ అంకెలు వాళ్ల చలవే. విన్‌ఐఎస్‌డీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ అంకెలు కొడితే పెట్టె సైజు అదే చెప్పేస్తుంది.

మూసిన పెట్టె కట్టడం తేలిక, బేస్ బిగువుగా ఉంటుంది. గొట్టం పెట్టిన పెట్టెలో బేస్ ఎక్కువ, కానీ గొట్టం పొడవు లెక్క ప్రకారం ఉండాలి. గొట్టం పొడవు పెరిగేకొద్దీ పెట్టె ఇంకా లోతైన స్వరానికి ట్యూన్ అవుతుంది. మొదటిసారి కడుతున్నారా? మూసిన పెట్టెతో మొదలెట్టండి. అతుకుల దగ్గర గాలి పోకుండా ఫెవికాల్ దట్టంగా పట్టించండి. లోపల పాత దిండులోని దూది కొంచెం వదులుగా పరవండి. పెట్టె లోపలి ప్రతిధ్వని తగ్గుతుంది.

ట్వీటర్ కూడా పెడుతున్నారా? దాన్ని నేరుగా కలపొద్దు, బేస్ దెబ్బకి కాలిపోతుంది. వరుసలో 4.7 మైక్రోఫారడ్ నాన్‌పోలార్ కెపాసిటర్ ఒకటి వేయండి. 8 ఓమ్‌ల ట్వీటర్‌కి ఇది సుమారు 4,200 హెర్ట్జ్ దగ్గర గేటు కట్టినట్టు. అక్కణ్ణుంచి కిందికి వెళ్లేకొద్దీ శబ్దం తగ్గిపోతుంది.

సామాను కోసం హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. చెన్నైలో ఉన్నవాళ్లకి రిచీ స్ట్రీట్, బెంగళూరువాళ్లకి ఎస్పీ రోడ్. ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి గానీ, కొట్టుకి వెళ్తే కౌంటర్ వెనకున్న అన్నని నాలుగు ప్రశ్నలు అడగొచ్చు. ఆ పాఠం ఏ వీడియోలోనూ రాదు.

ఒక సెల్, ఒక చెవి

అంతా కలిపాక బేస్ రావట్లేదా? చాలాసార్లు తప్పు వైర్లదే. రెండు స్పీకర్లలో ఒకదానికి ప్లస్, మైనస్ తారుమారైతే ఒకటి తోస్తుంటే ఇంకోటి లాగుతుంది. దీన్ని పట్టుకోవడానికి గోడగడియారంలోని 1.5 వోల్టుల సెల్ చాలు. సెల్ ప్లస్‌ని స్పీకర్ ప్లస్‌కి, మైనస్‌ని మైనస్‌కి ఒక్క క్షణం తాకించండి. కోన్ బయటికి వస్తే సరిగ్గా ఉన్నట్టు. ఇది బోర్డు వైర్లు ఊడదీశాకే చేయాలి. ట్వీటర్ మీద ఈ ప్రయోగం వద్దు.

బ్లూటూత్ కలిపితే ‘కుయ్’మని సన్నటి రొద వస్తుందా? బ్లూటూత్ మాడ్యూల్‌కీ యాంప్లిఫయర్‌కీ ఒకే సప్లై ఇచ్చినప్పుడు ఇది మామూలే. మధ్యలో చిన్న ఐసోలేటెడ్ డీసీ-డీసీ మాడ్యూల్ పెడితే చాలావరకు పోతుంది.

ఆ తర్వాతిది అసలైన కస్టమైజేషన్, పైసా ఖర్చు లేనిది. రెండు స్పీకర్లూ మీరూ కలిసి మూడు సమాన భుజాల త్రిభుజంలా ఉండాలి. ట్వీటర్ చెవి ఎత్తులో ఉండాలి. గోడ మూలకి జరిపితే బేస్ పెరుగుతుంది, ముందుకి లాగితే తగ్గుతుంది. బేస్ మరీ మోగిపోతుంటే ఈక్వలైజర్ జోలికి వెళ్లే ముందు పెట్టెని ఒక అడుగు జరిపి చూడండి.

ఇవి మాత్రం మర్చిపోవద్దు

* మొదటి ప్రాజెక్టులో 230 వోల్టుల జోలికి పోవద్దు. 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్లు, ఇంటి కరెంటు వైరింగ్ తెలిసినవాళ్లు పక్కనుంటేనే. రెడీమేడ్ అడాప్టర్ మేలు, దాన్ని విప్పొద్దు.
* క్లాస్-డి బోర్డుల్లో చాలావాటికి రెండు స్పీకర్ల మైనస్‌లూ కలపకూడదు. కలిపితే బోర్డు పోయినట్టే.
* లిథియం సెల్స్ వాడితే బీఎంఎస్ బోర్డు తప్పనిసరి. అది లేకపోతే మంటలకి దారి తీయొచ్చు.
* సోల్డరింగ్ చేసేటప్పుడు కిటికీ తీసి ఉంచండి, పొగ పీల్చొద్దు.

ఇంకొకటి. మన చట్టం ప్రకారం నివాస ప్రాంతాల్లో శబ్దం పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ దాటకూడదు. పెట్టె మీదే, పాట మీదే. పక్కింటివాళ్ల నిద్ర మాత్రం వాళ్లది!

మొదటి పెట్టె అంచులు వంకరగా రావచ్చు, పాలిష్ మచ్చలు పడొచ్చు. ఏం ఫర్వాలేదు. వందసార్లు విన్న పాటని దాంట్లో పెట్టి కళ్లు మూసుకోండి. ఇన్నాళ్లూ ఫోన్ స్పీకర్ మింగేసిన తబలా దెబ్బ ఒకటి మొదటిసారి వినపడుతుంది. ఆ తర్వాత రెండో పెట్టె కొలతలు మీరే గీయడం మొదలెడతారు.